పిల్లల బృందగానం - దాన్ని నడిపించేవారు

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. విషయం కూడా ఆయనే యిచ్చారు. మన పిల్లల పాటల బృందాన్ని కొనసాగించాలా, ఆపేసి ఆ డబ్బుతో నోటు పుస్తకాలు కొని పంచాలా అన్నది కమిటీ ముందున్న ప్రశ్న. మొదట్లో ముప్పై మంది దాకా వచ్చే పిల్లలు పోయిన సంవత్సరం తొమ్మిది మందికి దిగిపోయారు. అందుకని యీ ప్రశ్న వచ్చింది. ప్రశ్న న్యాయమైనదే. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. పోర్టులో షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరైనవాణ్ణి. ఆదివారాలు పిల్లల చేత పాడించాను గనుక ఆ అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను. తప్పులుంటే మన్నించండి.

పదిమంది కలిసి పాడడం మనకు పరాయి విద్య అనుకునేవాళ్ళున్నారు. చర్చిలో వుంటుంది, గుడిలో భజనలో వుంటుంది, మనకెందుకంటారు. అయ్యా, మీలాద్ నాడు పిల్లలు వరుసగా నిలబడి సలాం చదవడం చూడలేదా? ఇక్బాల్ 1902లో పిల్లల కోసం రాసిన 'బచ్చే కీ దువా'ను ఎన్నో ఉర్దూ బడులలో పొద్దున్నే పిల్లలంతా ఒక్క గొంతుతో పాడతారు. అది బృందగానం కాక మరేమిటి? ఆయనదే 'తరానా-ఎ-హిందీ' 1904లో అచ్చయింది. ఈనాటికీ దేశమంతటా పిల్లలు కలిసి పాడుతూనే వున్నారు.

ఇక మన ఆంధ్రదేశం సంగతి. జాతీయగీతానికి యీనాడు మనం పాడుతున్న వరుస ఎక్కడ కాగితం మీద కెక్కిందో పిల్లలకు తెలియాలి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూర్ మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో బస చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండు దేశస్థురాలు, సంగీతం చదువుకున్న మనిషి. ఠాగూర్ పాడి వినిపించగా ఆమె స్వరాలు రాసుకుని అక్కడి విద్యార్థుల చేత కలిసి పాడించింది. పాట ఒక మహాకవిది. కాని దాన్ని కుర్రవాళ్ళ నోటికి అందించడానికి ఓపికగా కూర్చున్న ఒక టీచరమ్మ కావలసి వచ్చింది గదా!

మన విశాఖపట్నం కూడా తక్కువ తినలేదు. దేశంలో పిల్లలు బడిలో చేయి చాచి చెప్పే ప్రతిజ్ఞను 1962లో రాసినవారు పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. ఆయన నల్లగొండ జిల్లావారు. అప్పుడు యిక్కడే జిల్లా ట్రెజరీ అధికారిగా పనిచేస్తున్నారు. మరుసటి సంవత్సరం మన వూరి బడిలోనే పిల్లలు దాన్ని మొదట చదివారు. 1965 నుంచి అది దేశమంతటికీ పాకింది. అది పాట కాదు, నిజమే. కాని పదిమంది పిల్లలు ఒకే మాటను, ఒకే వూపిరితో పలకడమనే సంగతి అందులోనూ వుంది.

రేడియో వినే రోజుల్లో పెరిగిన నా యీడువారికి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య గుర్తుండే వుంటారు. న్యాయపతి రాఘవరావుగారు, ఆయన భార్య కామేశ్వరిగారు. 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1956లో హైదరాబాదుకు తరలించారు. 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. తమకు పిల్లలు లేకపోయినా రాష్ట్రంలోని పిల్లలందరికీ అన్నయ్య, అక్కయ్య అయ్యారు. కామేశ్వరిగారు 1980లో, రాఘవరావుగారు 1984లో కాలం చేశారు. వారు పిల్లల్ని మైకు ముందుకు తోసి తాము పక్కకు తప్పుకునేవారు. నడిపించేవారికి కావలసిన మొదటి గుణం అదే. పిల్లవాడి పాటలో మన గొంతు వినబడకూడదు.

మరొకాయన ఎం. బి. శ్రీనివాసన్. 1925లో చిత్తూరులో పుట్టారు. మలయాళ సినిమాలకు గొప్ప సంగీతం యిచ్చారు. ఏసుదాసు చేత మొట్టమొదటి సినిమా పాట పాడించినది ఆయనే. కాని ఆయన ప్రాణం బృందగానంలో వుండేది. 1970ల ఆరంభంలో మద్రాస్ యూత్ క్వయర్ అనే బృందాన్ని నిలబెట్టారు. పెద్ద పేరున్న గాయకులతో కాదు, మామూలు యువతీ యువకులతో పలు భాషల పాటలు పాడించారు. ఆయన సతీమణి జాహిదాగారు స్వాతంత్ర్య సమరయోధులు డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూ కుమార్తె. శ్రీనివాసన్‌గారు 1988 మార్చి 9న లక్షద్వీప్‌లో కన్నుమూశారు. నలుగురి గొంతులు ఒకటి చేయడాన్ని ఆయన సంగీతం కింద మాత్రమే చూడలేదు, మనుషులు కలిసి బ్రతకడం నేర్చుకునే పని కింద చూశారు.

మన వాళ్ళలో సంగీతం లేదనడం కూడా పొరపాటే. కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ నాదస్వరం వినడానికి దక్షిణదేశమంతా చెవి వొగ్గింది. శ్రీరంగంలో స్థిరపడి అక్కడే శిష్యుల్ని తయారుచేశారు. పొన్నెకల్లు బిడ్డడు షేక్ నాజర్ బుర్రకథను ఆకాశానికెత్తి, ఎందరికో నేర్పి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. తన కులాన్ని దాచుకోకుండా పుస్తకానికి పేరుగా పెట్టుకున్న మనిషి. ఈ యిద్దరికీ చిన్నతనంలో ఎవరో ఒక గురువు దొరికి, కూర్చోబెట్టి నేర్పారు. లేకపోతే లేదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట చెప్పాలి. మన పెద్దలలో కొందరికి పాట విషయంలో అభ్యంతరం వుంది. వాద్యాల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. తీర్పు చెప్పేపాటి చదువు నాకు లేదు. బుఖారీ హదీసులో వున్న ఒక్క సంగతి మాత్రం గుర్తు చేస్తాను. పండుగ నాడు హజ్రత్ ఆయిషా యింట్లో యిద్దరు చిన్నపిల్లలు పాడుతుంటే హజ్రత్ అబూబకర్ కోప్పడ్డారు. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వాళ్ళను వదిలేయమన్నారు, యిది మన పండుగ అన్నారు. ఆ పిల్లల పక్షాన ఆ మాట వచ్చింది. మన బృందంలో హార్మోనియం మీద గొడవ వచ్చినప్పుడు మేము హార్మోనియం మూసేశాము. చప్పట్లు, ఒక డఫ్, పిల్లల గొంతులు, అంతే. నిజం చెప్పాలంటే పాట బాగుపడింది. హార్మోనియం వుంటే పిల్లలు దాన్ని వింటారు. అది లేకపోతే ఒకరినొకరు వింటారు.

నేర్పే పద్ధతి గురించి రెండు ముక్కలు. మాలో చాలామంది చేసే తప్పు, మన శ్రుతిలో మనం ఎత్తుకోవడం. మగవారికి ఒకటి, ఒకటిన్నర శ్రుతి సుఖంగా వుంటుంది. పిల్లల గొంతు అంత కిందికి దిగదు. వాళ్ళకు నాలుగు, ఐదు దగ్గర హాయి. కిందికి లాగితే గొణుగుతారు, గొణిగితే 'వీడికి గొంతు లేదు' అంటాము. లోపం పిల్లవాడిది కాదు, ఎత్తుకున్నవాడిది. రెండోది, ఒక్కొక్క ముక్క మనం పాడి వినిపించి, వాళ్ళచేత తిరిగి పాడించడం. పాటంతా ఒక్కసారి మీద పొయ్యకూడదు. మూడోది భాష. మన పిల్లల్లో చాలామందికి యింట్లో ఉర్దూ మాట వుంది, లిపి రాదు. నూర్‌బాషా కుటుంబాల పిల్లలకు యింటి మాట కూడా తెలుగే. అందుకని పాటను తెలుగు లిపిలో బోర్డు మీద రాస్తాము. తెలుగు లిపికి అందని గొంతు అక్షరాలను మాత్రం నోటితో పదిసార్లు పలికిస్తాము. ఉర్దూ పాట ఒకటి నేర్పితే తెలుగు పాట ఒకటి నేర్పుతాము. రెండూ మనవే. పన్నెండు, పదమూడేళ్ళకు మగపిల్లల గొంతు పగులుతుంది. అప్పుడు పై స్వరాలు పాడమని బలవంతపెట్టకూడదు. చప్పట్ల తాళం వాళ్ళ కప్పగించి కొన్నాళ్ళు ఆగాలి.

ఇంత చెబుతున్న నేను చేసిన అన్యాయం ఒకటుంది. ఇరవై యేళ్ళ కిందటి మాట. మీలాద్ సభకు బృందాన్ని తయారుచేస్తున్నాము. ఒక కుర్రవాడు, తొమ్మిదేళ్ళుంటాయి, శ్రుతి అందక అందరికంటె గట్టిగా పాడేవాడు. సభకు పెద్దలు వస్తున్నారు, పరువు పోతుందని నాకు భయం. వాణ్ణి పక్కకు పిలిచి, "బేటా, నువ్వు పెదవులు కదుపు చాలు, గొంతు తియ్యకు" అన్నాను. వాడు సరేనని తల వూపాడు. సభలో పెదవులు కదిపాడు. పాట బాగా వచ్చిందని అందరూ నన్ను మెచ్చుకున్నారు. తరువాతి ఆదివారం వాడు రాలేదు. మళ్ళీ ఎన్నడూ రాలేదు. నేను కూడా యెందుకు రాలేదని అడగలేదు.

పోయిన రంజానుకు ఇఫ్తార్‌లో ఒక యువకుడు నా దగ్గరకు వచ్చి సలాం చేశాడు. స్టీల్‌ప్లాంటులో పనిచేస్తున్నాడు. పక్కన ఆరేళ్ళ కూతురు. "చాచా, దీన్ని ఆదివారం పంపిస్తాను. కాని ఒక్క మాట, దీన్ని గొంతు తీసి పాడనిస్తారా?" అన్నాడు. అప్పుడు గుర్తుపట్టాను. నోట మాట రాలేదు. ఖర్జూరం చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. చివరికి మాఫీ అడిగాను. "మీరేం తిట్టలేదు గదా చాచా" అన్నాడు నవ్వుతూ. తిట్టివుంటే మరచిపోయేవాడేమో.

ఆ పిల్ల వస్తోంది. శ్రుతి తండ్రిలాగే వుంది! బాగా పాడే పిల్లను దాని పక్కన నిలబెట్టాను. నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు పది ముక్కల్లో ఏడు అందుకుంటోంది. శ్రుతి అందని పిల్లకు కావలసింది పక్కన ఒక మంచి గొంతు, కొంచెం కాలం. ఆ రోజు ఆ కుర్రవాడికి నేను యివ్వనిది కూడా అదే.

అందుకని కమిటీవారికి నా విన్నపాలు మూడు. ఒకటి, నోటు పుస్తకాలకూ పాటకూ పోటీ పెట్టకండి. బృందానికయ్యే ఖర్చు రెండు చాపలు, ఒక డఫ్, ఆదివారం బిస్కట్లు. అది నేను, మరికొందరు మిత్రులు భరిస్తాము. పుస్తకాల డబ్బు పుస్తకాలకే వుంచండి. రెండు, నడిపించేవారు ఒక్కరే వుండకూడదు. మన వూరు పోర్టు, స్టీలు, నేవీ వున్న వూరు. ఒకరికి బి షిఫ్టు పడుతుంది, యింకొకరికి బదిలీ అవుతుంది. మనిషితోపాటు బృందం పోతుంది. మన పిల్లలు తొమ్మిది మందికి దిగింది వాళ్ళకు యిష్టం లేక కాదు. నేర్పే అమ్మాయి పెళ్ళయి వేరే వూరు వెళ్ళింది, ఆ స్థానంలో మనం ఎవరినీ పెట్టలేదు. ఒక మగవారు, ఒక ఆడవారు, వారికి సాయంగా పదహారేళ్ళు దాటిన యిద్దరు పిల్లలు వుండాలి. పాటలన్నీ ఒక నోటు పుస్తకంలో యెక్కించి ఆఫీసులో వుంచాలి. మూడు, ఆడపిల్లలను పన్నెండేళ్ళు రాగానే మాన్పించకండి. వేదిక మీద వద్దంటే వద్దు, ఆడవారి సభలో పాడనివ్వండి, చిన్నవాళ్ళకు నేర్పనివ్వండి. రేపటి టీచరమ్మలు వాళ్ళే.

మన రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. సముద్రం మీద నుంచి వచ్చేవారికి మూడూ కలిసే కనబడతాయి. ఏ కొండా యింకో కొండను పక్కకు జరగమనలేదు. మన పిల్లల వరుస కూడా అలా నిలబడాలని నా కోరిక.

వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత, మగ్రిబ్‌కు ముందు, సంఘం హాలులో చాపలు వేసి వుంటాయి. పిల్లల్ని పంపండి. గొంతు బాగున్నవాళ్ళనే కాదు, అందరినీ పంపండి. పెదవులు మాత్రమే కదపమని యిక ఎవరికీ చెప్పను.