గ్రంథంలోని నగరం – భూగర్భంలోని నగరం



డెబ్బది ఐదు సంవత్సరాల పాఠశాల చరిత్రను స్మరించుకొనే ఈ శుభవేళ, అంతకంటె ఎంతో పాతదైన ఒక ప్రశ్నను పరిశీలించడం సముచితం. ప్రాచీన గ్రీకు గ్రంథాలలో పేరు నిలిచి, నేలపై కనుమరుగైన నగరాలు నిజంగా ఉండేవా?

ఈ ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ప్లేటో వర్ణించిన అట్లాంటిస్ ఒక్క పగలు, ఒక్క రాత్రిలో సముద్రంలో మునిగిపోయిందట. దానికి నేటివరకు ఒక్క ఇటుక కూడ సాక్ష్యంగా లభించలేదు. అది నీతిబోధకై కల్పించిన కథ అని పండితులలో అత్యధికుల అభిప్రాయం. హోమరు గానం చేసిన ట్రాయ్ నగరాన్ని కూడ ఒకప్పుడు అనేకులు కట్టుకథగానే తలచారు. కాని 1870 తరువాత టర్కీలోని హిస్సార్లిక్ దిబ్బను ష్లీమన్ త్రవ్వించగా, ఒకదానిపై ఒకటిగా వెలసిన పట్టణాల శిథిలాలు బయల్పడ్డాయి. అయినను, నగరం నిజమైనంత మాత్రాన కావ్యంలోని యుద్ధమంతా నిజమని చెప్పడానికి వీలులేదు.

ఇటువంటి ప్రశ్న తెలుగునేలకు కూడ వర్తిస్తుంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు భాషలో భూగోళ గ్రంథం రచించిన టాలెమీ, కృష్ణా తీరాన్ని మైసోలియాగా పేర్కొని, అక్కడ 'కొంటకోస్సుల' అనే వర్తక కేంద్రాన్ని, 'పితుంద్ర' అనే ముఖ్యనగరాన్ని చెప్పాడు.

ఘంటసాల అనగానే తెలుగువారి చెవులలో ఒక మధుర గళం మ్రోగుతుంది. ఆ ఇంటిపేరుగల ఊరు కృష్ణా జిల్లాలో ఉన్నది. అక్కడ బౌద్ధస్తూపంతోబాటు, మహానావికుడైన శివకుని పేరుగల ప్రాకృత శాసనం దొరికింది. నాగార్జునకొండ శాసనంలో 'కంటకసేల' మహాచైత్యం ప్రస్తావన ఉన్నది. గ్రీకువాని వ్రాత, శిలాక్షరం, భూమిలోని ఇటుక – మూడు సాక్ష్యాలు ఒక్క ఊరిని చూపుతున్నందున, కొంటకోస్సుల ఘంటసాలయేనని పండితులు నిర్ణయించారు.

పితుంద్ర సంగతి వేరు. పిథుండ నగరాన్ని గాడిదల నాగలితో దున్నించినట్లు కళింగ చక్రవర్తి ఖారవేలుని హాథీగుంఫా శాసనం చెబుతున్నది. ఈ రెండు పేర్లూ ఒకే నగరానివని పండితులు భావిస్తున్నారు. అది ఉండేదనడానికి ఆధారం ఉన్నది. ఎక్కడ ఉండేదో మాత్రం తేలలేదు.

బెంగళూరు నేల కూడ మూగది కాదు. 1891లో యశ్వంతపురంలో రోమన్ వెండి నాణేలు దొరికాయి. అయితే నాణెం దొరికినచోటల్లా రోమనులు నివసించారనుకొనరాదు. అది వర్తకానికి సాక్ష్యమే గాని, వలసకు కాదు.

ఆంధ్రులకు ముప్పది ప్రాకార నగరాలు ఉండేవని రోమన్ రచయిత ప్లినీ వ్రాసిన మాట వేదికలపై వినిపిస్తూ ఉంటుంది. ఆ ముప్పదింటి పేర్లను ఆయన వ్రాయలేదు. పరరాష్ట్రంలో మాతృభాషలో చదువుకొనే బిడ్డలకు పూర్వవైభవం చెప్పడం పెద్దల ధర్మం. కాని లేని నగరాన్ని ఉన్నదని చెబితే, ఉన్న నగరాన్ని కూడ రేపు వారు నమ్మరు. నిరూపితమైనది, నిరూపణకు నోచుకొననిది, కేవలం కల్పన – ఈ మూడింటి భేదం ఎరిగిన విద్యార్థియే చరిత్రకు నిజమైన వారసుడు.

వేసవి సెలవులలో కృష్ణా తీరానికి వెళ్ళే తల్లిదండ్రులు పిల్లలకు ఘంటసాల స్తూపాన్ని తప్పక చూపింతురుగాక! పాఠ్యపుస్తకంలోని ఒక్క పేరు, పాదాల క్రింది మట్టితో కలిసినపుడే విద్య సార్థకమవుతుంది.

స్వస్తి.