కాయ ధర మారితే కారం ధర



ఫాల్గుణం వెళ్ళి చైత్రం వచ్చే వేళకు మా గుంటూరులో ఏ వీధిలో నడిచినా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోక తప్పదు. మేడల మీద మిరపకాయలు ఎండుతూ వుంటాయి. మిల్లుల ముందు డబ్బాలూ సంచులూ వరుస కట్టి వుంటాయి. ఆ రోజుల్లో నాకు ఎదురైన ప్రతివారూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏమండీ, ఈ ఏడు కారం కేజీ ఎంతకిస్తున్నారు?" జవాబుకు ఒక్క అంకె చాలు. కాని ఆ అంకె కోసం మా తోటికోడలూ నేనూ ఎన్ని రాత్రులు పలకా బలపం పట్టుకున్నట్లు కూర్చున్నామో ఈ పూట మీతో చెప్పుకోవాలని వుంది.

2014 లో మొదలుపెట్టాం. ముందు చుట్టాలకు, తర్వాత చుట్టాల చుట్టాలకు. మొదటి ఏడు లాభం వచ్చిందనే అనుకున్నాం. మా ఆడపడుచు కొడుకు, లెక్కలు చదివినవాడు, అడిగాడు: "అత్తా, తొడిమలు తీసినందుకు మీ ఇద్దరి కూలి ఎంత వేసుకున్నారు?" మేము మొహమొహాలు చూసుకున్నాం. ఇంటి పనికి కూలి ఏమిటనుకునే అలవాటు మనది. కూలి వేసి చూస్తే లాభం కాదు కదా, చేతిది పడింది! పైగా తరుగు సంగతి. పది కేజీల కాయ కొంటే తొడిమ పోయి, తాలు పోయి, ఎండి, మిల్లులో కొంత పోయి చేతికి వచ్చేది తొమ్మిది కేజీల లోపే. కాయ ధరనే కారం ధర అనుకుని బేరమాడేవారికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

2016 లో క్వింటాలు 12,000 దాటి పలికిన కాయ, 2017 వేసవికి నాలుగు వేలకూ, ఇంకా కిందికీ జారిపోయింది. అంతకు ముందటి ధర చూసి అందరూ మిరపే వేశారు. పంట విరగ కాసింది. చుట్టుగుంట యార్డులో టిక్కీల మీద టిక్కీలు. శీతల గిడ్డంగులు నిండిపోయాయి. చివరకు కేంద్ర ప్రభుత్వం క్వింటాలు 5,000 రూపాయలకు కొంటామని ప్రకటించవలసి వచ్చింది. రైతు ఏడుస్తున్న ఆ రోజుల్లో మాకు మాత్రం చవక బేరం తగిలినట్లే కదా అనుకుంటారు మీరు. కాదండీ. మా వాడకం ఇళ్ళవాళ్ళే వచ్చి, "కాయ నలభై రూపాయలైతే కారం నూట తొంభై ఏమిటి?" అని నిలదీశారు. పక్క వీధిలో ఒకావిడ తొంభైకే ఇస్తోందట. మేము నూట ఇరవైకి దిగాం గాని తొంభైకి దిగలేదు. పదిహేను ఇళ్ళు పోయాయి.

ఇక్కడ మా తోటికోడలు ఒక పని చేసింది. నాకు అప్పుడు నచ్చలేదు, దాచుకోకుండా చెబుతున్నాను. పర్చూరు వైపు మా పుట్టింటి వూళ్ళో ఒక రైతు దగ్గర, యార్డు ధర కన్నా క్వింటాలుకు 500 రూపాయలు ఎక్కువ ఇచ్చి కొన్నది. "అక్కా, చవకగా దొరికేదానికి ఎక్కువ ఎందుకివ్వడం?" అన్నాను. "ఆయన తాలు ఏరి, పట్టా మీద ఎండబెట్టి ఇస్తున్నాడే. ఆ పనికి ధర లేదా? నీ తొడిమల కూలి గుర్తులేదూ?" అన్నది. నోరు మూసుకున్నాను.

ఒకే పంట మీద వూరంతా వాలిపోతే ఏమవుతుందో ఆ వూళ్ళో నేను చిన్నప్పుడే చూశాను. 1987-88 లో పత్తికి తెల్లదోమ పట్టింది. అప్పటికది ప్రకాశం జిల్లాయే, 2022 నుంచి బాపట్ల జిల్లా అయింది. అంతకు ముందు పత్తితో మేడలు కట్టిన వూళ్ళలోనే మందుల అప్పు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా నాన్నగారు ఆ ఏడు పండక్కి బట్టలు తేలేదు. ఎందుకని మేమెవరం అడగలేదు.

మళ్ళీ మిరపకు వస్తాను. 2021 దసరాకు అరవై ఇళ్ళవాళ్ళు కొత్త కారానికి ముందే డబ్బు కట్టారు. ఇంటికి మూడు కేజీలు, కేజీ 220. మాట ఇచ్చేశాం. ఆ శీతాకాలం నల్ల తామర పురుగు వచ్చి పూత పూతనే తినేసింది. మునుపు ఇక్కడ చూడని పురుగు. ఏ మందుకూ లొంగలేదు. మేము కాయ కొనే వేళకు కేజీ 190 అయి కూర్చుంది. తరుగు, మిల్లు, కవర్లు, ఆటో అన్నీ కలిపితే కారం మాకే 245 పడుతోంది. కేజీకి పాతిక చొప్పున నూట ఎనభై కేజీలకు 4,500 రూపాయలు. పెద్ద షావుకార్లకు అదొక లెక్క కాదు గాని, అది మా ఇద్దరి ఒక నెల చేతి ఖర్చు.

మిల్లు దగ్గర ఒకాయన సలహా ఇచ్చాడు: "కాస్త తాలు కలపండమ్మా, రంగు తగ్గకుండా చూసే పూచీ నాది." రంగు అంటే ఏ రంగో నాకు తెలుసు. 2003 లో మన దేశపు కారంలో సుడాన్ రంగు వుందని ఫ్రాన్సులో పట్టుకున్నారు. 2005 లో ఇంగ్లండులో అదే రంగున్న కారం ఒక సాసులోకి పోయి, ఆ సాసు వేసిన వందల రకాల తినుబండారాలను అంగళ్ళలోంచి వెనక్కి తీసుకున్నారు. ఎగుమతి సరుకుకు పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. అక్కడివాళ్ళు తినకూడనిది మన పిల్లలు మాత్రం ఎందుకు తినాలి?

ఆ రాత్రి బొంబాయి లిజ్జత్ అప్పడాల సంగతి గుర్తొచ్చింది. 1959 మార్చిలో గిర్గావ్‌లో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి, మొదటి రోజు నాలుగు పాకెట్లు వొత్తారు. మొదట వాళ్ళు కూడా రెండు రకాలు చేశారు, మంచిదొకటి, నాసిరకం చవకదొకటి. అప్పిచ్చిన పెద్దమనిషే నాసిరకం వద్దని చెప్పి మాన్పించాడు. వానాకాలం వచ్చి అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడు ఏం చేశారంటే, ఒక మంచమూ ఒక స్టవ్వూ కొన్నారు. మంచం మీద అప్పడాలు, మంచం కింద స్టవ్వు! చదువుకున్న ఇంజనీరుకు కూడా తట్టదేమో. ఆ మంచం కథ నాకు ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు.

మేమూ మా మంచం వెతుక్కున్నాం. డబ్బు కట్టినవారికి చెప్పిన ధరకే, కట్టిన మేరకే ఇచ్చాం. ఆ పైన కావాలంటే కొత్త ధర. నష్టం భరించాం. అప్పటి నుంచి ముందుగా తూకానికే పేరు రాసుకుంటాం గాని ధరకు మాట ఇవ్వం. పంట సగం పోయినా ఆ పర్చూరు రైతు మాకని రెండు టిక్కీలు విడిగా వుంచాడు. యార్డు ధరే తీసుకున్నాడు. ఆ ఏడు మంచి కాయ దొరకడమే గగనం గనుక, 500 ఎక్కువ ఇచ్చిన మా తోటికోడలి ముందు నేను మళ్ళీ నోరెత్తలేదు.

అసలు మార్పు మాత్రం కాయ ధరలో రాలేదు, ఇళ్ళలో వచ్చింది. ఐదు కేజీలు ఒక్కసారి పట్టించి జాడీకెత్తే ఇళ్ళు తగ్గిపోతున్నాయి. అపార్టుమెంట్లలో ఎండబెట్టే చోటు లేదు. భార్యాభర్తలిద్దరూ, ఒక పిల్ల. ఆ పిల్లకు కారమంటే భయం. మేము ఈ సంగతి గ్రహించేసరికి రెండేళ్ళు ఆలస్యమైంది. ఇప్పుడు నెలకు అరకేజీ పాకెట్టు ఇస్తాం. తేజ ఘాటు పడనివారికి బాడిగ కలిపినది, కలిపామని పైన రాసి మరీ ఇస్తాం. ఆహార భద్రత నమోదు కూడా చేయించుకున్నాం. మేము చేయించినప్పుడు ఏడాదికి 100 రూపాయలే రుసుము. అది లేక ఏళ్ళ తరబడి భయపడుతూ అమ్మినందుకు ఇప్పుడు నవ్వొస్తుంది.

అరువు సంగతి ఒక్క ముక్క. ఒక అంగడివారు నలభై పాకెట్లు తీసుకుని ఆరు నెలలు తిప్పారు. అంగళ్ళకు ఇవ్వడం మానేశాం.

2023 మొదట్లో 20,000 దాటిన కాయ, 2025 ఫిబ్రవరి నాటికి మళ్ళీ పడిపోయి, కేంద్రం 11,781 రూపాయలు కట్టవలసి వచ్చింది. మా వాడకం ఇళ్ళవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి కాయ బిల్లూ, తరుగూ, మిల్లు ఖర్చూ, మా కూలీ ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించాం. చదివినవారు కొందరు బేరమాడలేదు. కొందరు చదివీ ఆడారు. 2017 లో పోయిన పదిహేను ఇళ్ళలో ఆరు ఇళ్ళు తిరిగి వచ్చాయి. ఆ తొంభై రూపాయల ఆవిడ కారం అమ్మడం ఎప్పుడో మానేసింది. పాపం, ఆవిడ కూడా తన కూలి వేసుకోలేదేమో.

మొన్న కూరగాయల బండి దగ్గర ఒక అమ్మాయి పలకరించి, "పిన్నిగారూ, ఈసారి కేజీ ఎంత?" అని అడిగింది. కాయ తూకం అయ్యాక చెబుతానన్నాను. సెలవు.