తిరిగి రానివారి కోసం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇలాంటి సభలో సరదా కబుర్లు చెప్పాలి. అవి నాకంటే బాగా చెప్పేవాళ్లు నా వెనక ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నేను మా బాబాయి గురించి చెబుతాను. ఆయనా ఈ బడిలో చదివినవాడే.

1977 నవంబరు 19, శనివారం. నాకు ఎనిమిదేళ్లు. గుడివాడలో ఉండేవాళ్లం. కోతలకు ముందు చేను చూసి వస్తానని బాబాయి అంతకు రెండు రోజుల ముందు నాగాయలంక వైపు వెళ్లాడు. శనివారం మా ఇంటి పెంకులు లేచిపోయాయి. దివిసీమలో పోయింది పెంకులు కాదని మాకు తర్వాత గాని తెలియలేదు.

నీళ్లతో పనిచేసే ఇంజనీరునయ్యాక అర్థం చేసుకున్నాను. మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. గాలి తోసుకొచ్చిన నీటికి కింద చోటుండదు, పైకి లేస్తుంది. ఆ రోజు సుమారు 5 మీటర్ల ఎత్తు లేచింది. నేల చూస్తే చదును. నీళ్లు కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చాయి, వెనక్కి పోతూ మనుషుల్ని తీసుకుపోయాయి. అధికారిక లెక్కే సుమారు 10,000. లెక్కకు అందనివారు ఇంకెందరో. దొరికిన శరీరాల్ని కూడా గుర్తుపట్టే వ్యవధి లేక సామూహికంగా దహనం చేశారు.

నాన్న మోపిదేవి దాకా సైకిలు మీద, అక్కడినుంచి కాలినడకన వెళ్లాడు. పదకొండు రోజులు శిబిరం శిబిరం తిరిగాడు. బాబాయి చెప్పుల జత కూడా దొరకలేదు.

మామ్మ ఆ తర్వాత రాత్రిపూట తలుపు గడియ వేయనిచ్చేది కాదు. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించవచ్చని పెద్దలు చెప్పారు. "వాణ్ణి చూపించండి, అప్పుడు ఏడుస్తాను" అంది. పిన్నికి అప్పుడు ఇరవై రెండేళ్లు. బొట్టు పెట్టుకుంటే ఊళ్లో మూతులు విరిచేవారు, పెట్టుకోకపోతే మామ్మ కోప్పడేది. రెండు వైపులా మాట పడింది ఆవిడే.

ఏడేళ్లు గడిచాయి. ఒక మనిషి కబురు అతని సొంతవాళ్లకు ఏడేళ్లపాటు అందకపోతే, బతికే ఉన్నాడనేవారే రుజువు చేయాలని చట్టం. పాత సాక్ష్య చట్టంలో అది 108వ సెక్షను, 2024 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో 111. పొలం కాగితాలు పిన్ని పేరున మార్చాలని నాన్న తిరిగితే, ఒక కార్యాలయంలో "అసలు ఇతను మీ తమ్ముడని రుజువేది?" అన్నారు. ఇంట్లో కాగితాలన్నీ తుపానుకు తడిసి ముద్దయిపోయాయి.

అప్పుడు నాన్న ఈ బడికి వచ్చాడు. హెడ్మాస్టరు గారు బీరువా మీది పాత రిజిస్టరు దింపించారు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. చివరి గడిలో ఆనవాళ్లు: ఎడమ చెవి కింద పుట్టుమచ్చ, కుడి మోచేతి మీద కాలిన మచ్చ. మామ్మ గంజి వారుస్తుంటే పడిన మచ్చ అది. నాన్న అక్కడే బల్ల మీద కూలబడ్డాడట. మా దగ్గరున్న ఒక్క పెళ్లి ఫోటోలో ఆ చెయ్యి కనబడదు. బాబాయికి ఆ మచ్చ ఉందని చెప్పే కాగితం లోకంలో అదొక్కటే.

తర్వాత కోర్టు ఉత్తర్వు వచ్చింది. పొలం మారింది. మామ్మ మాత్రం ఆ కాగితం వైపు చూడలేదు. 1991లో పోయేదాకా తలుపు గడియ వేయలేదు.

2016 జూలై 22న చెన్నై నుంచి పోర్టుబ్లెయిరు బయలుదేరిన వైమానిక దళం ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతం మీద మాయమైంది. వారిలో విశాఖ నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు ఎనిమిది మంది. శకలాలు సుమారు 3,400 మీటర్ల లోతున కనబడ్డాయని ప్రకటించింది 2024 జనవరిలో. ఏడున్నరేళ్లు. ఆ వార్త చదివినప్పుడు నాకు యంత్రం గొప్పతనం తట్టలేదు. విశాఖలో ఎన్ని ఇళ్లకు గడియ పడి ఉండదో అనిపించింది.

మన సంఘాన్ని కోరేవి రెండు. ఒకటి, పాత అడ్మిషను రిజిస్టర్లను ప్రతి పేజీ స్కాను చేయించి రెండు చోట్ల భద్రపరుద్దాం. చెదలు ఇప్పటికే మొదలెట్టాయి. ఆ పని ఖర్చు నాది. రెండు, 1977లో తిరిగి రాని మన బడి పిల్లల, పూర్వ విద్యార్థుల పేర్లు రాసుకుందాం. చెప్పగలిగిన పెద్దలు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ వైపు చుట్టాలున్నవారు ఒక్క ఆదివారం కేటాయించండి. పేరు, ఊరు, ఆనవాలు చాలు.

పిన్ని ఈ రోజు రెండో వరసలో కూర్చుంది. ఆవిడ ఆ పేజీ ఇంతవరకూ చూడలేదు. భోజనాలయ్యాక ఆఫీసు గదికి తీసుకెళ్తానని మాటిచ్చాను. కాబట్టి ఇంతటితో ముగిస్తాను. సెలవు.