యుద్ధకాలపు రాష్ట్రపతి రాధాకృష్ణన్



విదేశాంగ విధానం ఢిల్లీ పెద్దల వ్యవహారమని శ్రీకాకుళం జిల్లా తీరగ్రామం భావనపాడులో ఎవరూ అనుకోలేరు. 2018లో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. వారిలో ఇరవై మంది వాఘా దాటి వచ్చేసరికి 2020 జనవరి అయింది. రెండు దేశాల మాటలు చెడితే శ్రీకాకుళం తీరంలో పొయ్యి వెలగదు.

ఆ మాటల్లో రాష్ట్రపతి వాటా ఎంత? మన రాజ్యాంగంలో అది మంత్రిమండలి సలహాతో నడిచే పదవి. కానీ తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ హయాం చూస్తే, అధికారం లేనిచోట కూడా పలుకుబడి ఎంత పనిచేస్తుందో తెలుస్తుంది.

ఆ పలుకుబడి పదవితో వచ్చింది కాదు. 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తును నడిపిన ఆచార్యుడాయన. 1949లో మాస్కోకు రాయబారిగా వెళ్లారు. విదేశీ రాయబారులకు అరుదుగా దర్శనమిచ్చే స్టాలిన్ ఆయనను రెండుసార్లు కలిశాడు.

1962 మేలో రాష్ట్రపతి అయ్యారు. అక్టోబర్ 20న చైనా దాడి మొదలైంది. 26న అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం చేశారు. అక్కడితో ఊరుకోలేదు. ప్రభుత్వం చైనాను గుడ్డిగా నమ్మిందని, సన్నద్ధతలో అలసత్వం చూపిందని బాహాటంగా అన్నారు. నెహ్రూ ఆయనకు ఆప్తమిత్రుడు. అయినా ఆ మాట అనడంలోనే ఆయన గొప్పతనం ఉంది. రక్షణమంత్రి కృష్ణమీనన్ తప్పుకోవాలన్న ఒత్తిడి పార్టీలోనూ బయటా పెరిగింది. రాష్ట్రపతి అభిప్రాయమూ అదే. నవంబర్‌లో మీనన్ మంత్రివర్గం వీడారు.

1963 జూన్‌లో వాషింగ్టన్ వెళ్లి అమెరికా అధ్యక్షుడు కెనెడీని కలిశారు. చైనా దురాక్రమణను అడ్డుకోవడం ఉభయ దేశాల ఉమ్మడి ఆందోళన అని సంయుక్త ప్రకటన వెలువడింది. మరుసటి ఏడాది సోవియట్ యూనియన్‌కూ వెళ్లారు. అమెరికా సాయం కావాలి, మాస్కో స్నేహం పోకూడదు. అలీన విధానానికి అంతకంటే గడ్డుకాలం లేదు. రెండు రాజధానుల్లోనూ గౌరవం పొందిన మనిషి రాష్ట్రపతిగా ఉండటం ఆ రోజుల్లో దేశానికి కలిసొచ్చింది.

అయితే ఆ 26వ తేదీ సంతకానికి మరో ముఖం కూడా ఉంది. చైనా నెల తిరక్కముందే కాల్పులు ఆపినా అత్యవసర పరిస్థితి ఎత్తివేయలేదు. పౌరుల హక్కుల మీద ఆంక్షలు కొనసాగాయి. 1965 పాకిస్తాన్ యుద్ధం దాని మధ్యలోనే జరిగింది. ప్రభుత్వం అత్యవసర పరిస్థితిని ఉపసంహరించింది 1968 జనవరిలో. అప్పటికి రాధాకృష్ణన్ పదవీ విరమణ చేసి మద్రాసు చేరి ఏడు నెలలు దాటింది.