మన కాటాకి మనమే ముద్ర వేసుకుంటామా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నిర్వాహకులు ఫోన్ చేసి, "నువ్వు ఇంట్లోనే విమానం తయారుచేశావటగా, దాని గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. ఎగిరిన కబుర్లు చెబితే మీకు సరదాగానే ఉంటుంది. కానీ నేను ఈరోజు ఎగరకుండా ఆగిపోయిన వారం గురించి చెబుతాను. అందులో ఈ బడికి వాటా ఉంది. మా నాన్నగారి కిరాణా కొట్టుకి కూడా ఉంది.

నేను టెక్సాస్‌లో ఉంటాను. అమెరికాలో మామూలు మనిషి తన గ్యారేజీలో విమానం తయారు చేసుకోవచ్చు. అందులో సగానికి పైగా పని సొంత చేతులతో, నేర్చుకోవడం కోసమో సరదా కోసమో చేసి ఉండాలన్నది నియమం. నాది రెండు సీట్ల అల్యూమినియం విమానం. కిట్ తెప్పించుకుని, ఉద్యోగం అయ్యాక రాత్రిళ్ళు, సెలవు రోజుల్లో రివెట్లు కొట్టుకుంటూ ఏడేళ్ళు చేశాను. ఇలాంటి విమానానికి "ఎక్స్‌పెరిమెంటల్" అనే మాట పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. అది చదివిన మా ఆవిడ చాలాకాలం దాని దరిదాపులకు రాలేదు.

విమానం ఎంత ఎత్తులో ఉందో, ఎంత వేగంగా పోతోందో పైలట్‌కి ఎలా తెలుస్తుంది? రెండూ గాలి ఒత్తిడిని బట్టే. రెక్క కింద ముందుకు చూస్తూ ఒక సన్నని గొట్టం ఉంటుంది, పిటో ట్యూబ్ అంటారు. ఎదురుగాలి అందులోకి తోసుకొస్తుంది. విమానం పక్కల్లో, గాలి నేరుగా తగలని చోట చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, అవి స్టాటిక్ పోర్ట్‌లు. చుట్టూ ఉన్న గాలి మామూలు ఒత్తిడి అక్కడ తెలుస్తుంది. ఈ రెండు ఒత్తిళ్ళ తేడా వేగం. స్టాటిక్ ఒత్తిడి ఒక్కటే చూస్తే ఎత్తు. ఎత్తు చూపించేదాన్ని ఆల్టీమీటర్ అంటారు. నేలకు దగ్గరలో వెయ్యి అడుగులు పైకి వెళితే ఒత్తిడి సుమారు ఒక అంగుళం పాదరసం తగ్గుతుంది. మన తొమ్మిదో తరగతి భారమితి పాఠమే అది.

మా ఫిజికల్ సైన్స్ మాస్టారు ఈ పాఠాన్ని పుస్తకంలోంచి చెప్పలేదు. ప్లాస్టిక్ గొట్టాన్ని యు ఆకారంలో ఒక చెక్కకి బిగించి, ఎర్ర సిరా కలిపిన నీళ్ళు పోసి, పక్కన స్కేలు పెట్టి మాచేత ఊదించేవారు. ఎన్ని సెంటీమీటర్లు లేచిందో రికార్డులో రాయాలి. నేను పక్కవాడి అంకె చూసి రాశాను. ఆయన సంతకం పెట్టలేదు. "కనిపించింది రాయరా, ఉండాల్సింది రాయకు" అని రికార్డు వెనక్కి ఇచ్చేశారు. అప్పుడు చాలా ఉక్రోషం వచ్చింది.

ముప్ఫై ఏళ్ళ తరవాత నా గ్యారేజీలో అదే గొట్టం మళ్ళీ తయారు చేశాను. సిరా బదులు వంటరంగు. పిటో ట్యూబ్‌కి తగిలించి మెల్లగా ఒత్తిడి పెంచుతూ పోతే, నీటి మట్టాల మధ్య తేడా పదహారున్నర సెంటీమీటర్లు దాటగానే వేగం చూపే ముల్లు నూరు నాట్‌ల దగ్గర నిలబడింది. యాభై నాట్‌లకు నాలుగు సెంటీమీటర్లు చాలు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. లెక్క సరిపోయిందని చూసి, గ్యారేజీలో ఒక్కణ్ణే గట్టిగా నవ్వుకున్నాను.

నా పరీక్ష నాకు తృప్తినిచ్చింది. ప్రభుత్వానికి అది చాలదు. మబ్బుల్లోంచి, పరికరాల మీదే ఆధారపడి ఎగరాలంటే ఆల్టీమీటర్‌నీ, స్టాటిక్ గొట్టాలనీ 24 నెలలకోసారి పరీక్ష చేయించి, చేసినవాళ్ళ సంతకం లాగ్‌బుక్‌లో ఉంచుకోవాలి. మన ఎత్తును కంట్రోలర్ తెరమీదకు పంపే ట్రాన్స్‌పాండర్‌కి కూడా అదే గడువు. విమానం తయారుచేసినవాడు అర్హత పత్రం తెచ్చుకుంటే ఏటేటా జరగాల్సిన మొత్తం తనిఖీ తనే చేసుకోవచ్చు. కానీ ఆ పత్రం ఈ పరికరాల పరీక్షకు పనికిరాదు. ఇంజను విప్పి బిగించుకునే నాకు, ఒక ముల్లు సరిగ్గా ఉందో లేదో చెప్పే హక్కు లేదేమిటని విసుక్కున్నాను.

ఆ వసంతంలో నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. మొదటిసారి విమానం ఎగిరేది ఆయన చూడాలని నా పట్టుదల. ఆయన తిరుగు టికెట్టు బుధవారానికి. పరికరాల పరీక్ష అంతకు ముందు గురువారం, విమానం మొత్తం తనిఖీ శుక్రవారం, ఎగరడం ఆదివారం అని పథకం వేసుకున్నాను. మిత్రులను పిలిచాను. పులిహోర కూడా చెప్పాం.

గురువారం టెక్నీషియన్ వచ్చాడు. ఒక పెట్టె, రెండు గొట్టాలు. స్టాటిక్ గొట్టంలోంచి గాలి మెల్లగా లాగుతాడు. ఒత్తిడి తగ్గేసరికి ఆల్టీమీటర్ పైకి ఎక్కుతుంది. విమానం షెడ్డులోనే ఉంటుంది, ముల్లు మాత్రం ఆకాశంలోకి పోతుంది. లాగేటప్పుడు పిటో గొట్టాన్ని కూడా దానితో కలిపే ఉంచుతాడు. లేకపోతే ఒత్తిడి తేడా పెరిగిపోయి వేగం ముల్లు పాడవుతుంది. మొదట లీక్ పరీక్ష. ఉన్న ఎత్తు కంటే వెయ్యి అడుగులు ఎక్కువ చూపేదాకా లాగి, ఆపేసి, ఒక నిమిషం చూడాలి. ఆ నిమిషంలో ముల్లు 100 అడుగులకు మించి దిగకూడదు.

నాది 400 అడుగులు దిగింది.

మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. "అన్ని జాయింట్లూ నేనే బిగించాను, నా లాగ్‌లో లీక్ పరీక్ష సరే అని రాసుంది" అన్నాను. అతను లాగ్ చూడలేదు, ముల్లు వైపు వేలు చూపించాడు. నిలబడి ఎగిరే రోజు ఎండలో ఎగురుతాం కదా, మబ్బులే లేవు కదా అని బేరమాడాను. అదీ నిజమే, మబ్బుల జోలికి పోకపోతే ఆల్టీమీటర్ సంతకం లేకపోయినా నియమం అడ్డురాదు. అతను ఒక్కటే అడిగాడు: లీక్ ఎక్కడుందో నీకు తెలుసా? తెలియదు. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రెండు వారాల దాకా అతనికి ఖాళీ లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మనిషినీ, నియమాలనూ తిడుతూ కూర్చున్నాను. నాన్నగారు విని, "మన కొట్లో రాళ్ళకి తూనికల ఆఫీసులో ముద్ర వేయించేవాళ్ళం గుర్తుందా?" అన్నారు. గుర్తుంది. ఇనప రాళ్ళ అడుగున సీసం మీద ముద్ర. ఆ సంచీ మోసింది నేనే. "మనం దొంగతూకం వేస్తామని కాదురా. వాడీ వాడీ రాయి అరిగిపోతుంది. అరిగిన సంగతి మన చేతికి తెలియదు, అలవాటైపోతుంది. మన కాటాకి మనమే ముద్ర వేసుకుంటామా?" అని మజ్జిగన్నం కలుపుకున్నారు.

మర్నాడు నా లాగ్ తీసి చదివాను. రెండో ఏడాది నవంబరులో ఒక రాత్రి స్టాటిక్ గొట్టాల ముందు భాగం మాత్రం పరీక్ష చేసి, వెనక భాగం ఇంకా కలపకుండానే, మొత్తం వరసకి "సరే" అని టిక్కు పెట్టాను. తరవాత చూద్దామనుకున్నాను. చూడలేదు. ఐదేళ్ళలో ఆ టిక్కు నిజమైపోయింది. మాస్టారు వెనక్కి ఇచ్చిన రికార్డు అప్పుడు గుర్తొచ్చింది.

మూడు రోజులు వెతికాను. గొట్టాన్ని ఒక్కో చోట బిగించి మూసి, ముల్లు నిలుస్తోందా అని చూస్తూ ముక్కముక్కగా వెనక్కి వెళ్ళాను. తోక దగ్గర మూడు గొట్టాలు కలిసే చోట ఒక కొస వంకరగా కోసి ఉంది. అది సగమే లోపలికి దిగింది. బయటికి చూడ్డానికి బిగిసినట్టే ఉంది. అలాగే ఎగిరితే ఏమయ్యేది? లోపలి గాలి ఒత్తిడి చాలా విమానాల్లో బయటికంటే కాస్త తక్కువ ఉంటుంది. అది స్టాటిక్ గొట్టంలో కలిస్తే, ఉన్న ఎత్తు కంటే ఎక్కువ, ఉన్న వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది. రెండూ ప్రాణం మీదకు తెచ్చే వైపే. మబ్బుల్లోంచి దిగేటప్పుడు నేలకు 200 అడుగుల దాకా ఆ ముల్లునే నమ్ముతాం.

ఇది పెరటి విమానాల బాధ మాత్రమే అనుకోకండి. 1996 అక్టోబరులో పెరూ దేశంలో ఒక బోయింగ్ 757ని శుభ్రం చేసేటప్పుడు స్టాటిక్ పోర్ట్‌లకు టేపు అంటించి, తీయడం మరిచిపోయారు. ఎత్తూ వేగమూ తెలియక అది రాత్రిపూట సముద్రంలో పడింది. 70 మంది పోయారు. ఒక టేపు ముక్క.

నాన్నగారు బుధవారం బయల్దేరి వెళ్ళిపోయారు. విమానం ఎగరడం చూడలేదు. ఆ తరవాతి వారం టెక్నీషియన్ వచ్చాడు. ఈసారి నిమిషానికి ముల్లు దిగింది 20 అడుగులు. ఆల్టీమీటర్‌ని మెట్టుమెట్టుగా 20,000 అడుగుల దాకా తీసుకెళ్ళి చూశాడు. పదివేల దగ్గర 80 అడుగుల తేడా దాకా ఒప్పుకుంటారు, నాది 40. ట్రాన్స్‌పాండర్ పంపే అంకె కూడా చూశాడు. సంతకం పెట్టాడు. పై వారం తనిఖీ అయింది, విమానం ఎగిరింది. వీడియో పంపితే నాన్నగారు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "ఎగిరింది సరే, ముద్ర పడిందా?"

ఆ పాత టిక్కును నేను చెరిపేయలేదు. పక్కనే తేదీ వేసి, "ఇది నిజం కాదు" అని రాసి సంతకం పెట్టాను.

స్వర్ణోత్సవం గుర్తుగా బడికి ముఖద్వారం కట్టిద్దామన్న మాట వినిపిస్తోంది. కట్టిద్దాం, నా వంతు ఇస్తాను. దానికంటే ముందు ల్యాబ్‌కి త్రాసులు, థర్మామీటర్లు, ఒక మంచి భారమితి కొందాం. కొని బీరువాలో పెట్టి తాళం వేయకుండా, ఏడాదికోసారి వాటిని సరిచూసే ఏర్పాటు కూడా చేద్దాం. ఆ పనికి వచ్చే ఏడాది ఖర్చు నాది.

మాస్టారూ, మీరు ఇక్కడే ఉన్నారు. ఆ రికార్డు మీద మీరు సంతకం పెట్టనందుకు ఇన్నాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.