రాయి మారిన ఉలి మారవలెను



మార్కాపురపు పలకపై అక్షరములు దిద్దినవారు మీలో పెక్కురు. ఆ పలక యెట్లు తయారగునో మీరెరుగుదురు. గనినుండి తీసిన బండయొక్క పొరపై పనివాడు పలుచని ఉలి నానించి సుత్తితో మెల్లగ తట్టును. బండ పొరలుపొరలుగ విడివడును. ఆ ఉలినే చీమకుర్తి నల్లరాతిమీద ప్రయోగించినచో ఉలి మొక్కవోవునే కాని రాయి విడదు. ఆ రాతికి అట్టి పొరలు లేవు. దానిని వజ్రపు తునకలు కూర్చిన తీగతోను, రంపముతోను కోయవలెను. రెండును రాతిపనులే, కాని రాయి మారినది కనుక పనిముట్టు మారవలెను. నేడు నేను విన్నవింపబోవు సంగతియు నిట్టిదే. ఇచ్చట రాయి యనదగినది కంప్యూటరుయొక్క ప్రాసెసరు.

ప్రాసెసరనగా సిలికాన్ ముక్కపై నిర్మించిన లెక్కల యంత్రము. దానికి తెలుగు రాదు, ఇంగ్లీషును రాదు. ‘ఈ అంకెను తెమ్ము, ఆ అంకెతో కూడుము, ఫలితము నచ్చట నుంచుము’ అనునట్టి కొలది ఆజ్ఞలు మాత్రమే దానికి తెలియును. అవియును ఒకటి, సున్న అను గుర్తుల వరుసలుగ నుండవలెను. ఏ వరుసకు ఏ పనియో తెలుపు పట్టికను ఆ ప్రాసెసరును రచించినవారు నిర్ణయింతురు. ఒక జాతి యంత్రమునకు వ్రాసిన వరుసలు వేరొక జాతి యంత్రమునకు అర్థము కావు. వేలకొలది పంక్తులను ఒకట్లతో, సున్నలతో వ్రాయుట మనుష్యులకు దుస్సాధ్యము. కనుక మనుష్యులు చదువదగిన భాషలో ప్రోగ్రామును వ్రాసి, దానిని యంత్రపు ఆజ్ఞలుగ మార్చు పనిని మరియొక ప్రోగ్రామునకు అప్పగింతురు. ఆ దుబాసీ పేరు కంపైలరు.

మన దేశమున ఈ పని జరిగిన తీరును చూడుడు. రాకెట్టుకు దారి చూపి దిక్కు నిలుపు లెక్కలకై భారత అంతరిక్ష పరిశోధన సంస్థవారు విక్రమ్ 1601 అను 16 బిట్ల ప్రాసెసరును 2009 నుండి వాడుచు వచ్చిరి. పిమ్మట తిరువనంతపురమందలి విక్రమ్ సారాభాయి అంతరిక్ష కేంద్రమువారును, చండీగఢ్ చెంతనున్న సెమీకండక్టర్ లాబొరేటరీవారును కలిసి విక్రమ్ 3201 అను 32 బిట్ల ప్రాసెసరును నిర్మించిరి. 16 గుర్తుల వరుసతో 65,536 వేరువేరు సంఖ్యలను మాత్రమే తెలుపవచ్చును. 32 గుర్తులతో 429 కోట్లకు పైగా తెలుపవచ్చును. దశాంశ భిన్నముల లెక్కలను సైతము ఈ యంత్రము చేయగలదు. 2025 మార్చి 5వ తేదీన ఇది అంతరిక్ష శాఖకు అప్పగింపబడినది.

యంత్రము చేతికి వచ్చినంతమాత్రమున పని తీరదు. విక్రమ్ ఆజ్ఞల పట్టిక దానికే ప్రత్యేకమైనది. అన్యయంత్రములకై చేసిన కంపైలరు దానికి పనికిరాదు. అందుచేత సంస్థవారు పనిముట్లన్నియు స్వయముగ చేసికొనిరి. అడా అను భాషకు కంపైలరు, ఆజ్ఞల పొట్టిపేర్లను అంకెలుగ మార్చు అసెంబ్లరు, వేరువేరుగ వ్రాసిన భాగములను ఒకటిగ కూర్చు లింకరు, యంత్రమును అనుకరించు సిమ్యులేటరు, ఇవన్నియు ఒక్కచోట అమర్చిన పనిశాలవంటి మరియొక ప్రోగ్రాము — ఇవి ఆ పనిముట్లు. సి అను భాషకు కంపైలరు ఆనాటికి తయారగుచుండెను.

క్రొత్త యంత్రమునకు ఇంకను మాటయే రాదు గదా, దానికి దుబాసీని ఎచ్చట తయారుచేయుదురని మీరడుగవచ్చును. పాత యంత్రముమీద తయారుచేయుదురు. కంపైలరునందు ముఖ్యముగ రెండు భాగములుండును. మొదటిది ప్రోగ్రామును చదివి భావమును గ్రహించును. రెండవది ఆ భావమును యంత్రపు ఆజ్ఞలుగ వెలువరించును. మొదటిదానిని చాలవరకు అట్లే యుంచి, రెండవదానిని క్రొత్త పట్టిక ననుసరించి వ్రాయవచ్చును. 1970లో మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లానుండి విడివడి, క్రొత్తగ నేర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. పొలము కదలలేదు, అర్జీలోని మనవి మారలేదు. అది చేరవలసిన కచేరీ మారినది. ఇదియు నట్టిదే.

ఇట్లు చేసిన అనువాదమును వెంటనే నమ్మరాదు. సిమ్యులేటరుమీద ప్రోగ్రామును నడిపి చూడవలెను. అసలు యంత్రముమీదను నడిపి, రెండింటి జవాబులను సరిపోల్చవలెను. ఒక్క అంకె భేదించినను తప్పెక్కడనో వెదకవలెను. ఈ జాగ్రత్త యేల యనగా, 1996 జూన్ 4వ తేదీన ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టు తన మొదటి ప్రయాణమునందే, బయలుదేరిన సుమారు 40 సెకండ్లకు ఆకాశమున ముక్కలైపోయెను. అందు ఏరియన్ 4 అను పాత రాకెట్టుకు వ్రాసిన ప్రోగ్రాము భాగమును వాడియుండిరి. క్రొత్త రాకెట్టు వేగము హెచ్చు. 16 గుర్తులలో పట్టని పెద్ద సంఖ్యను ఆ చోటునందే ఇరికింపబోగా లెక్క ఆగిపోయినది, రాకెట్టు దారి తప్పినది. పాతచోట నిర్దోషమైన పని క్రొత్తచోట ప్రాణాంతకము కావచ్చునని ఆనాడు లోకమునకు తెలిసెను.

మనవారు తొందరపడలేదు. 2024 డిసెంబరు 30వ తేదీ రాత్రి మన ఆంధ్రతీరమందలి శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. సి-60 రాకెట్టు బయలుదేరెను. ఉపగ్రహములను విడిచిన పిమ్మట కక్ష్యలో నిలిచిన దాని నాలుగవ అంతస్తును ప్రయోగశాలగ వాడిరి. అందలి కంప్యూటరులో విక్రమ్ 3201 నుంచి, అంతరిక్షమున దాని నడకను పరీక్షించిరి.

అన్ని యంత్రములకు ఈ కష్టము వలయునా యనిన, అక్కరలేదు. విక్రముతోపాటు అప్పగింపబడిన కల్పన 3201 అను ప్రాసెసరు స్పార్క్ అను ప్రసిద్ధమైన పట్టికను అనుసరించినది. దానికి లోకమందరు ఉచితముగ వాడుకొను పనిముట్లు సరిపోవును. మద్రాసు ఐ.ఐ.టి.వారి శక్తి ప్రాసెసర్లును రిస్క్-ఫైవ్ అను బహిరంగమైన పట్టికను స్వీకరించినవి. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ వెలువరించిన జి.సి.సి. అను కంపైలరు నేడు అనేక జాతుల యంత్రములకు పనిచేయుచున్నది; దానిని తెరచి చదువుటకును, దిద్దుటకును ఎల్లరకు హక్కు గలదు.

ఈ హక్కు చిన్నది కాదు. దుబాసీ మోసగాడైనచో రాజుకు తెలియదు. కంపైలరులో దాచిన మోసము ప్రోగ్రామును ఎంత చదివినను కనబడకపోవచ్చునని కెన్ థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు 1984లోనే హెచ్చరించెను. కనుక పనిముట్టును స్వయముగ చేసికొనవలెను. లేదా, తెరచి చూడదగిన పనిముట్టునే గైకొనవలెను. ఈ రెండును చేతకాని దేశము, తన గడ్డపై ప్రాసెసరును నిర్మించుకొన్నను, దానిచే పనిచేయించుకొనుటకు పరుల ముఖమునే చూడవలసియుండును.

మార్కాపురమునకు ఇది తెలియని పాఠము కాదు. కాగితపు పుస్తకములు, ప్లాస్టిక్ పలకలు వచ్చి బడిపలకకు గిరాకి తగ్గినప్పుడు, అదే రాతిని గోడలకు, నేలలకు తగిన బిళ్లలుగ కోయ నేర్చినవారు మీ నడుమ గలరు. మన పిల్లలు ఇంజనీరింగు చదువులకై ఊరు విడుచుచున్నారు. పరులు చేసిన పనిముట్టును వాడుటతోనే తృప్తిపడక, దానిని విప్పి చూచి, క్రొత్త యంత్రమునకు తగినట్లు మలచు విద్యను గూడ అభ్యసింపుమని వారికి చెప్పుడు. జి.సి.సి.ని చదువుటకు రుసుము లేదు. ఓర్పు మాత్రము వలయును. ఆ ఓర్పు ఈ మెట్టనేలవారికి క్రొత్తగ నేర్పవలసినది కాదు.