‘సర్వరు లేదు’ అన్న మాటకు అర్థమేమి?



ఆంధ్ర సరిహద్దు చెంతనున్న పాత్రపూర్ ప్రాంతం నుండి, ఇచ్ఛాపురం, సోంపేట వైపుల నుండి బతుకుతెరువు కోసం బరంపురం చేరిన మనలో “సర్వరు లేదు, రేపు రండి” అన్న మాట విననివారు అరుదు. రేషను దుకాణంలో, బ్యాంకులో, దరఖాస్తుల కేంద్రంలో అదే సమాధానం. రోజుకూలీ చేసుకొనే వానికి ఆ ‘రేపు’ వెల ఒక దినపు కూలి. కనుక ఆ మాట వెనుక ఏమున్నది, ఒక సేవ నిజంగా ప్రజలకు అందుతున్నదా లేదా అని కనిపెట్టడం ఎలాగు అన్న విషయం నేడు మనవి చేస్తాను.

మొదట తెలియవలసినది, సర్వరు ఒకటి కాదు. ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ పథకం 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య ఆరంభమైంది. ఒడిశా 2020 జూన్ 1న అందులో చేరింది. శ్రీకాకుళం జిల్లా కార్డు గల కుటుంబం బరంపురంలో బియ్యం తీసుకొనగలగడం దాని ఫలితమే. అయితే ఆ ఇంటి ఇల్లాలు వేలిముద్ర వేసిన క్షణంలో దుకాణంలోని ఈ-పోస్ యంత్రం, మొబైలు నెట్‌వర్క్, ఈ రాష్ట్రపు పౌరసరఫరాల సర్వరు, రాష్ట్రాల కార్డులను కలిపే కేంద్ర వ్యవస్థ, వేలిముద్రను సరిచూచే ఆధార్ వ్యవస్థ, ఈ ఐదూ సరిగా పలకాలి. ఏ ఒక్కటి మూగబోయినా ఆమె ఖాళీ సంచితో తిరిగి పోవలసినదే.

ఇక్కడ చిన్న లెక్క ఉన్నది. ఒక్కొక్క అంచె నూటికి 99 పాళ్ల కాలం పనిచేస్తున్నదనుకొందాం. ఒకదాని లోపానికి మరొకదానితో సంబంధం లేకపోతే, ఐదింటినీ హెచ్చించగా మిగిలేది 95 పాళ్లే. ముప్పై దినాల మాసానికి 720 గంటలు. ఒక్క అంచె ఆగేది సుమారు 7 గంటలు. మొత్తం సేవ ఆగేది సుమారు 35 గంటలు. అయిదుగురు అధికారులూ తమ తమ నివేదికలలో 99 అని సత్యమే వ్రాయగలరు. అయినా కౌంటరు ముందు నిలిచిన మనిషికి కలిగిన నష్టం ఏ నివేదికలోనూ కనిపించదు.

అందుచేత పర్యవేక్షణ యంత్రం వైపు నుండి కాక, సేవ పొందే మనిషి వైపు నుండి మొదలు కావాలి. సర్వరులో విద్యుత్తు ఉన్నదా, దీపం వెలుగుతున్నదా అని చూచుట చాలదు. కొన్ని నిమిషాలకొకసారి ఒక పరీక్షా లావాదేవీని మొదటి నుండి చివరి వరకు నడిపి, అది పూర్తయినదా, ఎంత సమయం పట్టినది అని నమోదు చేయాలి. ఆగినచో ఏ అంచెలో ఆగినదో తెలియాలి. దానికి ఏది దేనిపై ఆధారపడి ఉన్నదో చూపే పటం ముందుగానే సిద్ధంగా ఉండాలి.

ఆ పటం ఎంత అవసరమో 2024 జులై 31న దేశం చూచింది. సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ సంస్థపై సైబరు దాడి జరుగగా, జాతీయ చెల్లింపుల సంస్థ దానిని ముందుజాగ్రత్తగా వేరుచేసింది. సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు నిలిచిపోయాయి. తమ బ్యాంకు వెనుక మరొక సంస్థ ఉన్నదని వారిలో ఎందరికి తెలుసు?

పర్యవేక్షణలోనూ మితం అవసరం. 2025 ఏప్రిల్ 12న యూపీఐ చెల్లింపులు గంటల తరబడి తడబడినాయి. లావాదేవీ ఏమైనదని అడిగే ప్రశ్నలను కొన్ని బ్యాంకులు పదే పదే పంపుటచే భారం పెరిగినదని తేలింది. రోగిని క్షణక్షణమూ లేపి “ఎలా ఉన్నది?” అని అడిగితే అతనికి నిద్ర ఎక్కడిది? అడుగుటకూ ఒక వేళ, ఒక లెక్క ఉండాలి.

తోడు సర్వరు ఉంటే చాలునని కొందరంటారు. రెండూ విడివిడిగా ఉంటే అది నిజమే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపాన తీరాన్ని తాకింది. తుపానుల తరువాత కరెంటు, ఫోను లేని దినాలు గంజాం వారికి కొత్త కాదు. అసలు సర్వరూ, తోడు సర్వరూ ఒకే కరెంటు లైనును, ఒకే ఊరిని నమ్ముకొని ఉంటే గాలివాన రెండింటినీ ఒక్కసారే తీసుకొని పోతుంది.

ఇక పౌరులుగా మనం చేయదగినవి మూడు. ఒకటి, “సర్వరు లేదు” అనగానే తిరిగి రాక, తెర మీద ఏమి వచ్చినదో అడిగి, తేదీతో, సమయంతో వ్రాసి ఉంచుకోవాలి. “ముద్ర సరిపోలలేదు” అనేది వేరు, “కనెక్షన్ లేదు” అనేది వేరు. రెండు, ఫిర్యాదు చేసినప్పుడు ఆ వివరం జతచేయాలి. పదిమంది వ్రాసిన వేళలు కలిసినప్పుడు లోపం ఏ అంచెలో ఉన్నదో బయటపడుతుంది. మూడు, ప్రత్యామ్నాయం అడగాలి. వేలిముద్ర గాని నెట్‌వర్క్ గాని పనిచేయనప్పుడు అర్హులకు రేషను నిరాకరింపక, వేరే విధంగా గుర్తించి మినహాయింపుల రిజిస్టరులో నమోదు చేయాలని ఆధార్ ప్రాధికార సంస్థ 2017 అక్టోబరు 24న సూచించింది. ఆ రిజిస్టరు ఉన్నదా అని మర్యాదగా అడగడం మన హక్కు.

కార్యాలయాల వారికి ఒక్క విన్నపం. సేవ ఏ వేళ నుండి ఏ వేళ వరకు ఆగినదో, మరల ఎప్పుడు రావచ్చునో ఒక పలక మీద ఒడియాలోను, తెలుగులోను వ్రాసి తలుపు వద్ద ఉంచండి. ఒక దినపు కూలి వదులుకొని వచ్చిన వానికి ఆ రెండు పంక్తులు ఎంతో మేలు.